ఛాయాచిత్రము: వార్తయా, కావ్యమా?

మన పల్లెలలో ఏ యింటి వసారాలోనికి పోయి చూచినను, గోడనుండి కొంచెము ముందునకు వంగి వ్రేలాడు ఫోటోలు రెండో మూడో ఉండకపోవు. తాతగారు చేతికఱ్ఱ పట్టుకొని కుర్చీలో కూర్చుండి యుందురు. నాయనమ్మగారు ప్రక్కన నిలిచి కెమెరావంక బెదరుచూపుతో చూచుచుందురు. వారి వెనుకనున్న తెరమీద, ఆ దంపతులు జన్మమున చూచి యెరుగని యొక కోటయో కొలనో చిత్రింపబడి యుండును. పండుగనాడు ఆ పటమునకు బొట్టు పెట్టుదుము. తద్దినమునాడు దండ వేయుదుము. ధ్వజస్తంభము నెత్తించినవారి పేరు మనకు తెలియును. గుడిలోని విగ్రహమును చెక్కిన శిల్పి ఏ యూరివాడో కూడ అడిగి తెలిసికొందుము. ఈ పటమును తీసినవాడెవడని మాత్ర మెవ్వరమును అడిగి యెరుగము. నేనును అడుగలేదు. అడుగవలసినంత పని అందులో లేదని చిరకాలము నమ్మినవాడను; పిల్లలకును అట్లే చెప్పినవాడను.

పెద్దలారా, ఈ ప్రసంగమునకు కారణమైన సంగతి నాకు గౌరవమును చేకూర్చునది కాదు. అయినను దానిని చెప్పక ముందునకు పోజాలను. 1990 మే 9వ తేదీన కృష్ణ సముద్రమున కలియు చోట తీరమును దాటిన తుపానును ఈ ప్రాంతమువా రెవరును మరచి యుండరు. అప్పుడు నేను దివిసీమలోని యొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. ఆ మరుసటి సంక్రాంతికి ముందు బడిలో చిత్రకళా ప్రదర్శనము జరిగెను. బహుమానము నిర్ణయించువాడను నేనే. పదవ తరగతి విద్యార్థి యొకడు రంగుల బొమ్మకు బదులు నలుపు తెలుపుల ఫోటో నొకదానిని తెచ్చి నా బల్లపై పెట్టెను. తన బావగారి పాత ఆగ్ఫా కెమెరాతో, తుపాను వెళ్లిన వారమునకు తీసినదట. గోడలు లేవు, పైకప్పు లేదు, ద్వారబంధ మొక్కటి నిలిచి యున్నది. గడపకు రాచిన పసుపు ఇంకను పోలేదు. ఆ గడపపై ఒక ముసలమ్మ, ఇల్లంతయు చుట్టును ఉన్నట్లే కూర్చుండి యెదుటకు చూచుచున్నది. ఇంక నేమున్నదో నేను చూడలేదు. "ఇది వార్త, పత్రికవారికి పంపుకొనుము. బొమ్మ గీసినది కెమెరా, నీవు చేసిన దేమున్నది?" అంటిని. కాలెండరులోని వేంకటేశ్వరస్వామిని గళ్లు గీసి దింపిన మరియొక పిల్లవానికి బహుమాన మిచ్చితిని. వాడు మారుమాట యాడక వెళ్లెను. ఆ పటము నా బల్లపైననే యుండిపోయెను.

ఉద్యోగవిరమణానంతరము నేను బెజవాడలో ఆటోనగరు సమీపమున మా అబ్బాయి యింట కాపురముంటిని. ఆటోనగరు 1960ల దశాబ్దములో లారీల మరమ్మతులకై వెలసిన పేట. కొత్త లారీకి చట్రము కంపెనీనుండి వచ్చును. దానిపై దేహమును కట్టువారు ఇచ్చట గలరు. పగలెల్ల రేకులపై సుత్తిదెబ్బలు, వెల్డింగు మెఱుపులు. తెల్లవారుజామున మాత్రము ఆ వీథులు నిశ్శబ్దముగ నుండును. నా నడకకు అదే సమయము. ఒకనాడు ఒక షెడ్డు ముంగిట, యాబదియేండ్లకు దగ్గరపడిన యొక పురుషుడు ముక్కాలిపీటపై కెమెరా నిలిపి, లారీ వెనుకభాగమును గుఱిచూచి నిలుచుండెను. నన్ను చూడగనే "మాష్టారూ!" అని పిలిచి పాదములంటెను. ఆ పిల్లవాడే. ఆ షెడ్డులో పద్దులు వ్రాయును.

ఇంటికి పిలిచి తాను తీసినవన్నియు చూపెను. నూటికి మించిన పటములు. అన్నియు లారీల వెనుకభాగములే. అన్నియు సూటిగ ఎదురుగ నిలిచి, ఒక్కటే యెత్తునుండి, సూర్యుడుదయింపకమునుపు, నీడ పడని మసకవెలుతురులో తీసినవి. "ఒక్క వస్తువునే ఇన్నిమారులు తీయుట యెందులకోయి?" అని అడిగితిని. "ఒక్కటి కాదు మాష్టారూ. రెండు ప్రక్కప్రక్కన పెట్టి చూడండి" అనెను. చూచితిని. రెండింటియందును ఒకే తామరపూవు, ఒకే అక్షరముల ఒరవడి. ఒకే పెయింటరు వ్రాసినవి. నడుమ పండ్రెండేండ్లు గడచినవట. రెండవదానిలో రేకుల అంచు సన్నగ వణకినది. మూడవ పటమును ప్రక్కన పెట్టెను. అందులో పూవు వ్రాసినది కాదు, అంటించిన స్టిక్కరు. ఆ పెయింటరు ముఖము ఒక్క పటములోను లేదు; అయినను వాని వార్ధక్యమును నేను కన్నులార చూచితిని.

ఆ రాత్రి దండి కావ్యాదర్శమును మరల తెరచితిని. మన ఆలంకారికులలో పూర్వమొక వివాదము కలదు. ఉన్న వస్తువును ఉన్నట్లుగ చెప్పిన మాట కావ్యమగునా, కాదా యనునది ఆ వివాదము. దండి అట్టి మాటకు స్వభావోక్తి యని పేరిడి, అలంకారములలో మొదటిపీట దానికే వేసెను. భామహు డంత సులభముగ ఒప్పుకొనలేదు. సాయంకాలమున లోకములో జరుగు సంగతులను వరుసగ చెప్పినంతమాత్రమున అది కావ్యము కాజాలదనియు, అట్టివి వట్టి వార్తలనియు త్రోసివేసెను. తరువాతివాడగు కుంతకుడు మరియొక యడుగు ముందునకు వేసెను. వస్తుస్వభావము శరీరము వంటిది గదా, శరీరమునే నగయన్నచో ఇక నగ పెట్టుకొనున దేదని ఆయన యాక్షేపము. నేను ఆనాడు బడిలో ఆ పిల్లవానితో అన్నమాట, నాకు తెలియకయే, భామహుని మాట. ఆముక్తమాల్యదలోని వానకాలపు వర్ణనమును ముప్పదియేండ్లు పాఠము చెప్పి, తడిసిన పల్లెను తడిసినట్లు చూపుటలోనే కవి గొప్ప యున్నదని పిల్లలకు బోధించినవాడను, ఫోటో దగ్గరకు వచ్చుసరికి పక్షము మార్చితిని. ఛాయాచిత్రకళా చరిత్రమును చదివినకొలది, అదంతయు ఈ వివాదమే మరియొక రూపమున నడచిన కథవలె నాకు తోచినది. కావున మొదటినుండి చెప్పెదను.

1839లో ఫ్రాన్సుదేశమున డగేరు అనునాతని విధానము లోకమునకు వెల్లడి యయ్యెను. వెండిపూత గల రాగిరేకుపై వెలుతురే బొమ్మను నిలుపును. అదే కాలమున ఇంగ్లండులో టాల్బటు అనునాతడు కాగితముమీద బొమ్మను నిలిపెను. ఈ రెండవ పద్ధతిలో మొదట వచ్చునది విపరీతచిత్రము: తెలుపు నలుపుగను, నలుపు తెలుపుగను ఉండును. దానినే నెగటివు అందురు. డగేరు రేకు తాటియాకుల ప్రతి వంటిది, ఉన్నది ఒక్కటే. టాల్బటు నెగటివు అచ్చుదిమ్మె వంటిది, ఎన్ని ప్రతులైనను దింపుకొనవచ్చును. 1856లో మద్రాసున ఛాయాచిత్రసంఘ మొకటి ఏర్పడెను. ఆ కాలముననే ఈస్టిండియా కంపెనీవారు తమ సైన్యములోని లినేయస్ ట్రైపు అను కప్తానును మద్రాసు రాజధానికంతకును ఛాయాచిత్రకారునిగ నియమించిరి.

మన కృష్ణాతీరమునకు ఆయనతో సంబంధము అమరావతి మూలమున కలిగెను. 1845లో వాల్టరు ఇలియట్టు అను దొర అమరావతి దీపాలదిన్నెను త్రవ్వించి, మహాచైత్యపు చలువరాతి ఫలకములను మద్రాసునకు పంపించెను. అవి యచ్చట ఎండకును వానకును గురియై యేండ్లతరబడి పడియుండెను. 1858లో ట్రైపు వానిని ఫోటోలు తీసెను. మరుసటి సంవత్సరమే ఆ ఫలకములలో పెక్కు ఓడనెక్కి లండనునకు తరలినవి; నేడవి బ్రిటిషు మ్యూజియములో నున్నవి. మన నేలమీద తుదిదినములలో ఆ రాళ్లెట్లుండెనో, ఏ యంచు విరిగియుండెనో, ఏ బొమ్మ ముక్కు చెక్కు చెదరక నిలిచియుండెనో చూడగోరువానికి ఆ ఫోటోలే సాక్ష్యము. వానిలో కవిత్వము లేదని యొకరన్నచో నేను వాదింపను. సాక్షికి కవిత్వముతో పనిలేదు.

అయినను ఆ కప్తాను కథలో ఒక వింత యున్నది. ఆనాటి నెగటివులపై ఆకాశము మబ్బుతునుక లేక బోసిగ వచ్చుచుండెను. ట్రైపు తన కాగితపు నెగటివులపై కుంచెతో మబ్బులను దిద్దుచుండెను. చెట్ల ఆకులనుగూడ సవరించుచుండెను. కంపెనీవారు కోరినది వార్త, ఆయన దానికి మబ్బులు చేర్చినాడు! తంజావూరు పెద్దగుడి అధిష్ఠానముపై నున్న శాసనమును ఆయనయే ఇరువదియొక్క ముక్కలుగ ఫోటోలు తీసి, అతికించి, చుట్టచుట్టి విప్పి చదువదగిన యొక పొడవాటి పటముగ నొనర్చెను. ఈ రెండు పనులు చేసినది ఒక్కచేయియే. 1859లో గవర్నరుగ వచ్చిన ట్రెవిలియను దొర ఇదంతయు విలాసపుఖర్చని ఆ యుద్యోగమునకు స్వస్తి చెప్పించెను.

వార్తకు గల దోష మేమో తెలిసికొనవలెనన్న ధాత సంవత్సరపు కరవును తలచుకొనవలెను. 1876 మొదలు 1878 వరకు బళ్లారి, కర్నూలు, కడప సీమలను కాల్చిన కరవది. హూపరు అను సైనికాధికారి ఎముకలగూళ్లయిన ఆడవారిని, మగవారిని, పిల్లలను గుంపులుగ కూర్చుండబెట్టి ఫోటోలు తీసెను. పెండ్లిలో బంధువులను కూర్చుండబెట్టు క్రమమే. ఆ పటములు సీమకు చేరి అచ్చటివారి గుండెలను కదలించినమాట నిజము. తీసినపిమ్మట వారికి గంజియైన పోయక పంపివేసెనని ఆయనకు అపకీర్తియు వచ్చెను. నాకు వానిని పుస్తకములో చూచినప్పుడు కరుణముకంటె ముందు సిగ్గు కలిగెను. ఆ కూర్చుండినవారిలో ఒక్కరి పేరైనను క్రింద వ్రాయబడలేదు.

పేరు వ్రాయక జాతి వ్రాయుట తరువాతికాలమున శాస్త్రముగ మారెను. అమరావతి రాళ్లు చేరిన ఆ మద్రాసు మ్యూజియమునకే అధికారియైన థర్‌స్టను దొర, మనుష్యుల తలలను ముక్కులను పనిముట్లతో కొలిపించి, ఫోటోలు తీయించి, రంగాచారిగారి తోడ్పాటుతో 1909లో దక్షిణదేశపు కులములను గూర్చి యేడు సంపుటములు ప్రకటించెను. మన తెలుగుకులము లెన్నియో అందులో నున్నవి. నేను వానిని ఎన్నోమారులు ఉపయోగించుకొంటిని, సమాచారమునకు గని. కాని అందులో మనుష్యుడు మనుష్యునిగ గాక మచ్చుతునుకగ నిలిచినాడు. ఈ మాట గుర్తుంచుకొనుడు. దీనికి బదులు చెప్పిన స్త్రీ యొకతె యున్నది, ఆమె సంగతి తరువాత వచ్చును.

ఇక హైదరాబాదునకు పోవుదము. రాజా దీనదయాళుగారి చరిత్ర ఈ విషయమున ముఖ్యమైనది. ఈయన తెలుగువాడు కాడు. 1844లో మీరటు దగ్గరనున్న సర్ధనాలో జైనకుటుంబమున జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వపు పనులశాఖయందు నక్షాలు గీయు నుద్యోగము చేయుచు, 1870ల నడుమ కెమెరా పట్టెను. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆదరమున సికింద్రాబాదు చేరి 1886లో అచ్చట స్టూడియో పెట్టెను. 1892లో ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగ నొక స్టూడియో ఏర్పరచి, అందులో ఫోటోలు తీయుటకు ఒక ఆంగ్లస్త్రీని నియమించెను. 1896లో బొంబాయిలోను స్టూడియో తెరచెను. 1905లో మరణించెను. మన ప్రభుత్వము 2006లో ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించినది.

ఆయన పటములను చూచునప్పుడు నక్షాలు గీసిన చేయి ముందుగ తెలియును. ఫలక్‌నుమా మెట్లైనను, నగరువాకిలియైనను గీతలు వంకరపోవు, స్తంభములు ఒరగవు. గాజుపలక చూచిన దంతయు దాచుకొనును గనుక, ఇనుపకమ్మీమీది పూలుకూడ లెక్కపెట్టుకొనవచ్చును. అయితే ఇదంతయు ప్రమాణమే. కామసూత్రమునకు వ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రమునకు ఆరంగములు చెప్పెను: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. ఇందులో మొదటి రెండును, అయిదవదియు కెమెరా తనంతట తానే చేసిపెట్టును. భావమును లావణ్యమును అది చేయలేదు. దీనదయాళు చేసినది ఆ భాగమే. వేటాడివచ్చిన జమీందారు పులిప్రక్కన నిలుచున్న పటములలో, పటమునడుమ దొర గర్వముగ నుండును. అంచున నిలిచిన బంట్రోతు ముఖమున నిద్రలేమి యుండును. గాజుపలకకు రాజును బంట్రోతును ఒక్కటే. ఆ బంట్రోతును చట్రములోపల నిలుపుటయా, వెలుపల నిలుపుటయా యనునది మాత్రము మనుష్యుని నిర్ణయము. దీనదయాళు చాలచోట్ల లోపల నిలిపినాడు. అయినను ఒకమాట దాచను: ఆయన కెమెరా నగరులముందు నిలిచినంతసేపు దున్నుచున్న రైతుముందు నిలువలేదు. జీతమిచ్చువారి యంగణమే ఆయన లోకము.

1894లో నిజాము ఆయనకు రాజాబహద్దరు, ముసవ్వరు జంగు అను బిరుదుల నిచ్చెను. ముసవ్వరు అనగా చిత్రకారుడు. ఐరోపా పండితులు ఫోటో కళయా కాదా యని వాదులాడుకొనుచున్న ఆ దినములలో, మన హైదరాబాదు దర్బారు కెమెరా పట్టినవానిని చిత్రకారుడని పిలిచి ఊరకుండెను.

ఐరోపావారి వాదములో పరుషవాక్యములు లేకపోలేదు. 1859లో బోదలేరు అను ఫ్రెంచికవి, చిత్రలేఖనమున ఓడిపోయినవారికి ఫోటో ఒక శరణాలయమని ఎగతాళి చేసెను. నా మాట నాకంటె నూటముప్పది యేండ్లముందే అన్న మహాకవి యొకడున్నాడని నేను సంతోషింపవలసినదే గాని, ఆ సంతోషము నిలువలేదు. ఈ నిందకు వెరచి ఫోటోగ్రాఫరులు చాలకాలము తమ పటములను చిత్తరువులవలె కనబడునట్లు చేయుటకు యత్నించిరి. బొమ్మను మసకబార్చుట, అంచులు కరగించుట, పొగమంచును వెదకుకొని పోవుట మొదలైనవి వారి మార్గములు. ఆ మార్గమును పిక్టోరియలు పద్ధతి యందురు. అమెరికాలో స్టీగ్లిట్జు అనునాతడు 1902లో ఒక కూటమిని స్థాపించి, 1903 మొదలు 1917 వరకు ఒక పత్రికను నడిపి ఈ పద్ధతికి పేరు తెచ్చెను. తుదకు దానిని విడిచినవాడును ఆయనయే.

1907లో ఆయన ఓడలో ఐరోపాకు పోవుచు, ఒకనాడు మొదటి తరగతి జనమును చూచి విసిగి, అంచుకు వచ్చి క్రిందికి చూచెను. క్రింద చౌకతరగతిలో ఆడువారు, పిల్లలు, మూటలు, ఆరవేసిన బట్టలు. మన పూర్వులు కాకినాడనుండి రంగూనునకు డెక్కుమీద పోయినప్పుడుండిన దృశ్యమే యనుకొనుడు. నడుమ తెల్లని వంతెన. పైన గుండ్రని టోపీ పెట్టుకొన్న యొక మనుష్యుడు. ఆయన కెమెరాకై గదికి పరుగెత్తెను. బొమ్మ పడని పలక ఒక్కటే మిగిలియున్నది. తిరిగివచ్చువరకు ఆ టోపీవాడు కదలునేమో యని ఆయన భయము. కదలలేదు. ఆ ఒక్క పలకపై పడిన పటము నేడు లోకప్రసిద్ధము. అందులో మసక లేదు, మబ్బులు దిద్దుట లేదు, ఉన్నది ఉన్నట్లు. భామహుడు దానిని చూచిన ఏమనియుండెడివాడో!

మన తెలుగునాట పిక్టోరియలు పద్ధతికి ప్రసిద్ధుడైనవాడు కోరుట్లలో పుట్టి హైదరాబాదున స్థిరపడిన బండి రాజన్‌బాబుగారు. ఆయన 2011లో కాలధర్మము నొందిరి. కొండజాతుల స్త్రీల పటములకు ఆయన పేరెన్నిక గన్నవారు. ఆ సౌందర్యము నాకు ప్రియమే. కాని ఇపుడు చూచునప్పుడు, ఇంత అందముగ కనబడుటకు ఆ స్త్రీలను అడిగితిమా యను ప్రశ్నకూడ వెంటవచ్చును. ఇది ఆ ఒక్కరిని గూర్చిన ప్రశ్న కాదు, ఆ పద్ధతినంతటిని గూర్చినది.

స్వభావోక్తి వివాదమునకు తీర్పు చెప్పినవాడు, నా యెరుకలో, కాశ్మీరదేశీయుడగు మహిమభట్టు. వ్యక్తివివేకమున ఆయన చేసిన విభాగ మిది: ప్రతి వస్తువునకును రెండు రూపములు కలవు. ఒకటి సామాన్యము, అందరికిని తెలిసినది. ఆవు అనగనే తోచు ఆవు అది. రెండవది విశేషము, ఈ ఆవు, ఈ క్షణమున, ఈ చెవి కదల్చుచున్న ఆవు. సామాన్యమును చెప్పుట వార్త. విశేషమును కవి తన ప్రతిభచేత పట్టి చూపినప్పుడు అది స్వభావోక్తి, అదియే అలంకారము.

జర్మనీలో బెర్ను బెకరు, హిల్లా బెకరు అను దంపతులు 1959 మొదలు ఏమి చేసిరో విన్నప్పుడు నాకు మహిమభట్టే జ్ఞప్తికి వచ్చెను. వారు మూతపడుచున్న గనులను, ఇనుపకొలుములను, నీటితొట్ల గోపురములను వెదకికొని పోయిరి. మబ్బుపట్టిన దినమున, నీడ లేకుండ, సూటిగ, ఒకే రీతిని ఫోటోలు తీసిరి. తొమ్మిదో పదునైదో నీటిగోపురములను చదరంగపు గళ్లవలె ఒక్క గోడపై పేర్చిరి. సామాన్యమును అంతగ సమానము చేసినపిమ్మట కన్ను దానిని మానివేసి విశేషమును వెదకును: ఇది లావు, దానికి నిచ్చెన యెడమవైపు, వేరొకదాని నెత్తిన గుడిశిఖరమువంటి కొన. 1990లో వెనీసునగరపు ప్రదర్శనమున వారికి బంగారుసింహ బహుమానము ఫోటోలకు గాదు, శిల్పమునకు ఇచ్చిరి! మా ఆటోనగరు పద్దులగుమాస్తా వారి పేరు విన్నాడా యని అడిగితిని. విన్నాడు; తాను నాలుగేండ్లు లారీలను తీసినపిమ్మట ఎవరో చూపినారట. "అప్పుడు మొదట ఏడుపు వచ్చింది మాష్టారూ, తర్వాత ధైర్యం వచ్చింది" అనెను.

నేటి మన దేశపు కళాకారులలో థర్‌స్టనువంటి వారికి బదులు చెప్పినదని నేనన్న స్త్రీ బెంగుళూరి పుష్పమాలగారు. ఆమె మొదట శిల్పవిద్య నభ్యసించెను. 2000 మొదలు 2004 వరకు, క్లేర్ ఆర్నీ అను ఫోటోగ్రాఫరుతో కలిసి, దక్షిణభారత స్త్రీల ఆచారవ్యవహారములను పేరుతో ఒక పటముల వరుసను చేసెను. రవివర్మ లక్ష్మీదేవిగ తానే నిలిచెను. కొలతగళ్ల తెరముందు నిలువబెట్టబడిన వనవాసిస్త్రీగ తానే నిలిచెను. పూర్వము కెమెరాకిరుప్రక్కల ఇద్దరుండిరి: కొలుచువాడు, కొలువబడునది. ఈమె రెండుస్థానములను తానే ఆక్రమించినది. మొదట చూచినపుడు నాకిది పగటివేషమువలె తోచెను. పిదప, పగటివేషగాడు దొరవేషము వేసినపుడు దొరలుకూడ ఎందుకు నొచ్చుకొనెడివారో స్ఫురించెను.

ఢిల్లీవాసియగు దయానితాసింగుగారి పని పల్లెవారికి ఇంకను దగ్గర. కచేరీలలోను, దస్తావేజుల గదులలోను గుడ్డమూటలు కట్టి పేర్చిన కాగితములను ఆమె నలుపు తెలుపుల ఫోటోలు తీసి 2013లో పుస్తకముగ వెలువరించినది. మనుష్యులు తక్కువ, కట్టలు, బీరువాలు, ధూళి. 1984లో మనకు కరణీకములు రద్దయినపుడు, ముత్తాతల నాటినుండి ఇంటిలోనున్న కట్టలను బండిపై వేసి పంపిన యిండ్లవారు ఆ పుస్తకము నొకమారు తిప్పిచూచిన చాలును. నేను వేరుగ వివరింపనక్కరలేదు.

నేటి ప్రదర్శనములలో నున్నదంతయు నాకు రుచించునని చెప్పను. పటము చేతిబెత్తెడు, దానిని వివరించు కాగితము మూరెడు ఉన్నచోట్ల నాకు భామహుడే నచ్చును. కాని మనము పోగొట్టుకొనుచున్నది వేరు. దీనదయాళుగారి గాజుపలకలు రెండువేల ఎనిమిదివందలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరి నిలిచినవి. మన చిన్నయూళ్ల స్టూడియోల పలకల కేమి యయ్యెను? ఒక స్టూడియోవారు, తండ్రిగారు పోయినపిమ్మట, గాజుపలకలను వేడినీట కడిగి, బొమ్మలు పోగొట్టి, పటములు కట్టు దుకాణమునకు అద్దములుగ అమ్ముట నేను దగ్గరనుండి చూచితిని. అప్పుడు నాకేమియు అనిపింపలేదు. అద్దము లింత చౌకయా యనుకొంటిని.

ఇక ఆ ఫోటో సంగతి. దానిని మరల చూడవలెనని నేనొకనాడు అడుగగా, నెగటివు తేమకు పాడైనదనియు, ఆనాడు బడిలో ఇచ్చిన ప్రతి తప్ప వేరొకటి లేదనియు చెప్పెను. రెండుదినములు నా ట్రంకుపెట్టెలు వెదకితిని. మూడవనాడు అమరకోశమునడుమ కనబడెను. పుట గుర్తునకై నేనే పెట్టితిని. పుస్తకముకంటె వెడల్పుగ నున్నందున ఎడమవైపు కత్తెరతో కత్తిరించి మరీ పెట్టితిని. తీసికొనిపోయి వాని చేతిలో నుంచితిని. వాడు ముసలమ్మవంక చూడలేదు. కత్తిరించిన అంచునే చూచి, "ఇక్కడ ఆమె మనవడుండాలి మాష్టారూ, ద్వారబంధం పట్టుకొని నిలబడ్డాడు" అనెను. కంటద్దములు పెట్టుకొని నేనును చూచితిని. అంచున, ద్వారబంధముమీద, నాలుగు చిన్నవ్రేళ్లు మాత్రము మిగిలియున్నవి.

మరునాటి తెల్లవారుజామున వాడా పటమును షెడ్డుగోడ కానించి, లారీలకు నిలుపునట్లే ముక్కాలిపీట నిలిపి, కెమెరా యెత్తు సరిచూచుకొని, వెలుతురుకై కనిపెట్టుకొని యుండెను. నేను ప్రక్కన నిలిచితిని.